పాత హోండా ఒడిస్సీ కొన్నారా? ముందు టైమింగ్ బెల్ట్ లెక్క తేల్చుకోండి

పోయిన చలికాలంలో మా బావమరిది డాలస్‌లో పాత హోండా ఒడిస్సీ కొన్నాడు. 2008 మోడల్, 82 వేల మైళ్ళు తిరిగిన బండి. ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, వాళ్ళతో దిగిన సూట్‌కేసులు అన్నీ పట్టాలంటే పాత మినీవ్యాన్‌ని మించింది లేదు. "బావా, టైమింగ్ బెల్ట్ లక్షా అయిదు వేల మైళ్ళకి మార్చాలట. మనకింకా 23 వేల మైళ్ళుంది" అన్నాడు ఫోన్లో. "మైళ్ళు సరే, ఏళ్ళు లెక్కపెట్టావా?" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

నేను మెకానిక్‌ని కాను. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శనివారం గరాజ్‌లో చేతులు నల్లగా చేసుకునే రకం. ఈ పని ఇప్పటికి మూడు ఒడిస్సీలకి చేశాను. మొదటిసారి ఒక తప్పు చేసి, మొత్తం మళ్ళీ విప్పాను. ఆ సంగతీ చెప్తాను.

బెల్ట్ తెగితే ఇంజిన్ ఎందుకు పోతుంది

ఇంజిన్ కింది భాగంలో క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతుంటే పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి. పైన క్యామ్‌షాఫ్ట్‌లు తిరుగుతూ వాల్వుల్ని తెరుస్తూ మూస్తూ ఉంటాయి. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. హైవే మీద 2000 ఆర్‌పీఎం దగ్గర వెళ్తున్నారంటే ఒక్కో వాల్వు నిమిషానికి వెయ్యిసార్లు తెరుచుకుని మూసుకుంటోందన్నమాట. ఈ లయ తప్పకుండా కింద తిరిగేదాన్నీ పైన తిరిగేదాన్నీ కలిపి ఉంచేది ఒక్క పళ్ళ రబ్బరు బెల్ట్.

ఊళ్ళో పిండిమర బెల్ట్ తెగితే మర ఆగిపోతుంది, అంతే. కొత్త బెల్ట్ వేస్తే మళ్ళీ తిరుగుతుంది. కొన్ని కార్ల ఇంజిన్లు కూడా అలాంటివే. ఒడిస్సీలో ఉండే 3.5 లీటర్ల వీ6 మాత్రం అలా కాదు. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు దిగే చోటికే పిస్టన్ కూడా ఎక్కుతుంది. ఒకటి వచ్చేసరికి రెండోది తప్పుకుంటుంది కాబట్టి గొడవ లేదు. బెల్ట్ తెగిన క్షణంలో క్యామ్‌లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. కింద క్రాంక్ మాత్రం ఆ ఊపులో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పిస్టన్ వచ్చి వాల్వుని గుద్దుతుంది, వాల్వు కాడ వంగుతుంది. మొత్తం 24 వాల్వుల్లో ఎన్ని వంగాయన్నది మీ అదృష్టం. ఇలాంటి ఇంజిన్‌నే ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్ అంటారు.

వంగిన వాల్వులు మార్చాలంటే సిలిండర్ హెడ్‌లు దించాలి. పాత బండికి ఆ ఖర్చు చాలాసార్లు బండి ధరని దాటుతుంది. బెల్ట్ మార్పిడికి మా చుట్టుపక్కల సొంత షాపుల వాళ్ళు వెయ్యి డాలర్లకి కాస్త అటూ ఇటూగా అడిగారు, డీలర్లు అంతకన్నా ఎక్కువ. ఇంజిన్ పోయాక బిల్లు వేలల్లోనే. కారు ఇన్సూరెన్సు వాళ్ళు దీనికి పైసా ఇవ్వరు. అరిగిపోయి పాడైన భాగం యాక్సిడెంట్ లెక్కలోకి రాదు.

మీ వ్యాన్‌లో ఉన్నది బెల్టో, చైనో?

ముందు ఇది తేలాలి, కొన్ని ఇంజిన్లలో ఈ రబ్బరు బెల్ట్‌కి బదులు లోహపు చైన్ ఉంటుంది. చైన్ ఉన్న బండికి బెల్ట్ డబ్బులు అడిగిన షాపుల కథలు నేను విన్నాను.

అమెరికాలో 1999 నుంచి అమ్మిన వీ6 ఒడిస్సీలకి బెల్టే. టయోటా సియెనా అయితే 1998 నుంచి 2006 మోడళ్ళ వరకు బెల్ట్, 2007 నుంచి చైన్. 2004-2006 సియెనాల్లోని 3.3 లీటర్ల ఇంజిన్ కూడా ఇంటర్‌ఫియరెన్స్ రకమే. దానికి 90 వేల మైళ్ళ లెక్క. 2002-2005 కియా సెడోనా 3.5కి కూడా బెల్టే, దానికి ఇంకా తొందర, 60 వేల మైళ్ళకే. డాడ్జ్ గ్రాండ్ క్యారవాన్‌లో 3.3, 3.8 లీటర్ల ఇంజిన్లకీ తర్వాత వచ్చిన 3.6కీ చైన్ ఉంటుంది, వాటికి ఈ బెంగ లేదు. అలాగని చైన్ శాశ్వతం కాదు, ఇంజిన్ ఆయిల్ వేళకి మార్చకపోతే అదీ సాగుతుంది.

ఇండియాలో నాన్నగారి బండి గురించి అడిగేవాళ్ళూ ఉంటారు కాబట్టి ఒక మాట. పాత ఇన్నోవా 2.5 డీజిల్‌కి టైమింగ్ బెల్ట్ ఉంటుంది, డ్యాష్‌బోర్డ్ మీద దానికోసమే ఒక లైటు కూడా ఉంటుంది. తర్వాత వచ్చిన ఇన్నోవా క్రిస్టాలోని 2.4 డీజిల్‌కి చైన్. పాత ఇన్నోవా సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఆ లైటు అసలు పనిచేస్తోందో లేదో కూడా చూడాలి.

మైళ్ళు మోసం చేస్తాయి, తేదీ చేయదు

పాత ఒడిస్సీ మాన్యువల్స్‌లో లెక్క 1,05,000 మైళ్ళు లేదా 7 ఏళ్ళు, ఏది ముందొస్తే అది. 2005 తర్వాతి బండ్లలో డ్యాష్‌బోర్డే చెప్తుంది. రెంచ్ గుర్తు పక్కన 4 అంకె వస్తే స్పార్క్ ప్లగ్‌లు, టైమింగ్ బెల్ట్ మార్చి, వాటర్ పంప్ చూడాలని అర్థం. ఆ అంకెని నమ్ముకుని కూర్చోవద్దు. దాని లెక్క బండి నడిచిన తీరుని బట్టి సాగుతుంది, రబ్బరు వయసుని బట్టి కాదు. పైగా ఎవరో బటన్ నొక్కి రీసెట్ చేస్తే 4 పోతుంది, బెల్ట్ మాత్రం పాతదే ఉంటుంది.

మనవాళ్ళ బండ్లకి ఇక్కడే చిక్కు. ఇంటి నుంచి పని మొదలయ్యాక రెండో బండి వారానికి ఒకసారి కిరాణాకి, ఒకసారి గుడికి వెళ్ళొస్తుంది. ఏడాదికి నాలుగు వేల మైళ్ళు కూడా దాటదు. అమ్మేటప్పుడు "తక్కువ మైళ్ళు" అని రాస్తారు, కొనేవాళ్ళు దానికే మురిసిపోతారు. మా బావమరిది బండి అలాంటిదే. 82 వేల మైళ్ళు అన్నది నిజమే, కానీ లోపలి రబ్బరు పదహారేళ్ళకి పైబడి ఇంజిన్ వేడిలో ఉడికింది.

ఇంకో షరతు చాలామంది చదవరు. 110 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన లేదా మైనస్ 20 కింద తరచుగా నడిపే బండికి 60 వేల మైళ్ళకే మార్చమని హోండా చెప్తుంది. ఫీనిక్స్, చాండ్లర్ వైపు ఉన్నవాళ్ళు దీన్ని తమకోసమే రాశారనుకోవాలి. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలో అంతకన్నా ఎక్కువో నమోదైంది.

కొనేముందు, కొన్నాక: మార్చారా లేదా ఎలా తెలుస్తుంది?

"మా మెకానిక్ మార్చాడండీ" అన్న మాటకి విలువ సున్నా. బిల్లు చూపించమనండి. బిల్లు మీద తేదీ, మైళ్ళు, బెల్ట్‌తోపాటు వాటర్ పంప్, బెల్ట్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పేర్లు ఉండాలి. బిల్లు లేకపోతే హుడ్ తెరిచి టైమింగ్ కవర్ మీద, రేడియేటర్ పైభాగంలో స్టిక్కర్ ఏమైనా ఉందేమో చూడండి. మంచి షాపులు మార్చిన తేదీ రాసి అంటిస్తాయి. బండి గుర్తింపు నంబరు (వీఐఎన్) ఇస్తే తమ దగ్గర జరిగిన పని ఏముందో కొందరు డీలర్లు ఫోన్లోనే చెప్తారు.

ఇవేవీ దొరక్కపోతే ముందు వైపు పై కవర్ 10 ఎంఎం బోల్ట్‌లు విప్పి తొంగిచూడొచ్చు, పావుగంట పని. బెల్ట్ మీద అక్షరాలు చెరిగిపోయి, వీపు మెరుస్తూ, అంచు పోగులు లేచి ఉంటే పాతదని ఖాయం. కానీ బాగున్నట్టు కనిపించినంత మాత్రాన బాగున్నట్టు కాదు. పళ్ళ మొదళ్ళలో పగుళ్ళు అలా చూస్తే కనబడవు. అంచేత నా పద్ధతి ఇది: కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క, బేరంలో వెయ్యి డాలర్లు తగ్గించమని అడగడమే.

బెల్ట్ తెగబోయే ముందు చెప్పి తెగదు. దాని చుట్టుపక్కలవి మాత్రం చెప్తాయి. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ప్యాసింజర్ వైపు నుంచి ఒకటి రెండు క్షణాలు గలగలమని శబ్దం వచ్చి ఆగిపోతోందంటే హైడ్రాలిక్ టెన్షనర్ నీరసించిందని అనుమానించాలి. అదే వైపు నేల మీద నీలం రంగు చుక్కలు గానీ, బండి ఆపాక తియ్యటి వాసన గానీ ఉంటే వాటర్ పంప్ కారుతోంది. కవర్ల అడుగున ఆయిల్ జిడ్డు ఉంటే, ఆయిల్ కారకుండా ఆపే సీల్‌లు పోయాయి. ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి, పళ్ళు ఊడతాయి. ఈ మూడిట్లో ఏది కనిపించినా మైళ్ళ లెక్క పక్కన పెట్టేయండి.

ఏమేం కొనాలి

బెల్ట్ ఒక్కటే కొనకండి. అక్కడిదాకా విప్పడమే అసలు కష్టం. విప్పాక కొత్త బెల్ట్ వేసి, పాత వాటర్ పంప్ వదిలేస్తే, ఏడాదికి ఆ పంప్ బేరింగ్ పట్టేసి కొత్త బెల్ట్‌ని కోసేయొచ్చు. ఒడిస్సీలో వాటర్ పంప్‌ని తిప్పేది కూడా ఈ బెల్టే మరి. ఒక షాపువాడు నాకు ఫోన్లో తక్కువ ధర చెప్పాడు. "అందులో పంప్ ఉందా, టెన్షనర్ ఉందా?" అని అడిగితే "అవి వేరే" అన్నాడు. మీరూ ధర అడిగినప్పుడు ఈ రెండు ముక్కలూ తప్పక అడగండి.

ఐసిన్ లాంటి కంపెనీల కిట్‌లో బెల్ట్, పంప్, హైడ్రాలిక్ టెన్షనర్, టెన్షనర్ పుల్లీ, బెల్ట్‌ని దారిలో నడిపే ఇడ్లర్ పుల్లీ అన్నీ వస్తాయి. మీ మోడల్ సంవత్సరానికి సరిపోయేదేనా అని వీఐఎన్‌తో సరిచూసుకోండి. ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికే పేరు తెలియని కిట్ జోలికి మాత్రం వెళ్ళకండి. ఇంజిన్ ప్రాణం ఆ టెన్షనర్ మీదే ఉంది. వీటితోపాటు హోండా నీలం రంగు టైప్ 2 కూలెంట్ రెండు గ్యాలన్లు (నీళ్ళు కలపక్కర్లేదు, కలిపే వస్తుంది), కొత్త డ్రైవ్ బెల్ట్ (ఇంజిన్ బయట పవర్ స్టీరింగ్ పంప్ లాంటివాటిని తిప్పేది), ఆయిల్ జిడ్డు కనిపిస్తే క్రాంక్, క్యామ్ సీల్‌లు.

పనిముట్లలో మామూలు సాకెట్ సెట్ కాక మూడు కావాలి. క్రాంక్ పుల్లీని పట్టుకోవడానికి 50 ఎంఎం హెక్స్ హోల్డర్, పొడవాటి బ్రేకర్ బార్, టార్క్ రెంచ్. హోల్డర్ ఆటోపార్ట్స్ షాపుల్లో తక్కువలోనే దొరుకుతుంది.

ముందే చెప్తున్నా, జాక్ స్టాండ్ ఎప్పుడూ పట్టుకోనివాళ్ళకి ఇది మొదటి పని కాకూడదు. అలాంటివాళ్ళు కింది భాగం చదివి షాపులో ఏం జరగాలో తెలుసుకుంటే చాలు, ఆ మాత్రం తెలిసినవాణ్ణి మోసం చేయడం కష్టం.

పని మొదలు: విప్పడం

రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే చేయండి. బ్యాటరీ నెగటివ్ తీసేముందు రేడియో కోడ్ దగ్గరుందో లేదో చూసుకోండి. లేకపోతే పని అయ్యాక రేడియో మొరాయిస్తుంది. గ్లవ్ బాక్స్‌లో చిన్న కార్డు మీద ఉంటుంది సాధారణంగా.

1. ప్యాసింజర్ వైపు ముందు చక్రం తీసి, బండిని జాక్ స్టాండ్‌ల మీద నిలబెట్టండి. ఒక్క జాక్‌ని నమ్ముకుని కిందికి దూరవద్దు. లోపలి ప్లాస్టిక్ షీల్డ్ విప్పండి.

2. రేడియేటర్ అడుగు ట్యాప్ తెరిచి కూలెంట్ పట్టండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అది విషం. ట్రే మీద మూత పెట్టి ఉంచండి.

3. డ్రైవ్ బెల్ట్ తీసి, పవర్ స్టీరింగ్ పంప్ గొట్టాలు విప్పకుండానే పక్కకి తప్పించండి. రెండు పై కవర్లూ ఊడదీయండి.

4. క్రాంక్‌ని సవ్యదిశలో తిప్పుతూ పుల్లీ మీది తెల్ల గీతని సూచికకి, రెండు క్యామ్ పుల్లీల గీతల్ని వెనక కవర్ మీది గీతలకి కలపండి. క్యామ్ గీతలు కలవకపోతే క్రాంక్ ఇంకో చుట్టు తిప్పండి. ఎప్పుడూ వెనక్కి తిప్పకండి.

5. ఆయిల్ ప్యాన్ కింద చెక్కదిమ్మ పెట్టి, రెండో జాక్‌తో ఇంజిన్‌ని కాస్త ఆనించి, ప్యాసింజర్ వైపు ఇంజిన్ మౌంట్ తీయండి. చెక్క లేకుండా జాక్ ఆనిస్తే ప్యాన్ నొక్కుకుపోతుంది.

ఇంతవరకు ఓపిక ఉంటే ఎవరైనా చేస్తారు. అసలు పరీక్ష ఆరోది, క్రాంక్ పుల్లీ బోల్ట్. 19 ఎంఎం సాకెట్, ఎడమకి తిప్పితే ఊడే మామూలు మరే, కానీ ఏళ్ళ తరబడి వేడికి అతుక్కుపోయి ఉంటుంది. మా బావమరిది బండి దగ్గర ఇద్దరం బార్ మీద వేలాడినా కదల్లేదు. మా మామగారు నరసరావుపేట నుంచి వచ్చి అప్పుడు ఇక్కడే ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు పొలం దగ్గర ఆయిల్ ఇంజిన్లు విప్పిన మనిషి. టార్చి పట్టుకుని చాలాసేపు చూసి, "అల్లుడుగారూ, బలం కాదు, బారు కావాలి" అన్నారు. జాక్ హ్యాండిల్ గొట్టాన్ని బ్రేకర్ బార్‌కి తొడిగి, చివర పట్టుకుని నొక్కితే తుపాకీ పేలినట్టు ఠప్పుమని వదిలింది. విరిగిందనుకుని గుండె జారింది గానీ బోల్ట్ బాగానే ఉంది. ఇంపాక్ట్ రెంచ్ ఉన్నవాళ్ళు దీనికోసమే అమ్మే బరువైన సాకెట్ వాడితే ఈ నాటకమంతా తప్పుతుంది. బార్‌ని నేలకి ఆనించి స్టార్టర్ తిప్పే చిట్కా కొందరు చెప్తారు. ఆ బార్ జారితే పోయేది బోల్ట్ కాదు, చెయ్యి. చేయకండి.

7. కింది కవర్ తీశాక క్రాంక్ పళ్ళచక్రం మీది గుర్తు ఆయిల్ పంప్ మీది గుర్తుకి కలిసిందో లేదో చూడండి. మూడు చోట్లా ఫోన్‌తో ఫొటోలు తీయండి. నేను మా ఆవిడ తెల్ల నెయిల్ పాలిష్‌తో పాత బెల్ట్ మీదా పుల్లీల మీదా చుక్కలు కూడా పెడతాను. "గుర్తు పెట్టకుండా విప్పినవాడు గుర్తుండేలా ఏడుస్తాడు" అని మామగారి మాట.

8. బ్యాటరీని పట్టి ఉంచే పొడవాటి బోల్ట్ ఒకటి ఉంటుంది. దాని కొన నూరి, టెన్షనర్ పక్కనున్న రంధ్రంలో చేత్తో బిగిస్తే టెన్షనర్ కదలకుండా ఆగుతుంది. సాక్షాత్తు హోండా సర్వీస్ పద్ధతే ఇది. రెంచ్ పెట్టి బిగించొద్దు. తర్వాత మౌంట్ బ్రాకెట్, ఇడ్లర్ పుల్లీ తీసి, బెల్ట్ బయటికి లాగండి.

కొత్తవి ఎక్కించడం

వెనక క్యామ్ గురించి ముందే హెచ్చరిస్తాను. బెల్ట్ వదలగానే వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి అది టక్కున కొద్దిగా జరగొచ్చు. కంగారు పడక సాకెట్‌తో మెల్లగా గుర్తు దగ్గరికి తేవాలి. బెల్ట్ లేనప్పుడు క్రాంక్‌ని గానీ క్యామ్‌ని గానీ చుట్లు చుట్లు తిప్పొద్దు. ఏ వాల్వులు వంగకూడదని ఈ పని పెట్టుకున్నామో వాటిని మనమే వంచినట్టవుతుంది.

వాటర్ పంప్ 10 ఎంఎం బోల్ట్‌లతో ఉంటుంది. తీయగానే లోపల మిగిలిన కూలెంట్ బొళబొళా కారుతుంది, క్రాంక్ పళ్ళచక్రం మీద పడకుండా గుడ్డలు కప్పండి. పంప్ కూర్చునే చోటు అద్దంలా తుడిచి, కొత్త రబ్బరు రింగుతో బిగించండి. ఈ బోల్ట్‌లు చిన్నవి, 12 న్యూటన్ మీటర్లు చాలు. మోటుగా తిప్పితే అల్యూమినియం మర పోతుంది. తర్వాత పుల్లీలు, ఆపైన కొత్త టెన్షనర్, దాన్ని నొక్కిపట్టి ఉంచే పిన్ తీయకుండానే.

బెల్ట్ వేసే వరస ఇది: క్రాంక్, ఇడ్లర్, ముందు క్యామ్, వాటర్ పంప్, వెనక క్యామ్, చివర టెన్షనర్ పుల్లీ. ప్రతి దశలో బెల్ట్ బిగువుగా ఉండాలి, వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. క్యామ్ పుల్లీల దగ్గర పేపర్ క్లిప్పులు పెట్టి పట్టుకుంటే రెండు చేతులే ఉన్నవాళ్ళకి పని తేలిక. మూడు గుర్తులూ కలిశాయని రెండుసార్లు చూశాకే టెన్షనర్ పిన్ లాగండి.

నా మొదటి తప్పు ఇక్కడే. గుర్తులు కలిశాయి, పిన్ లాగాను, ఒక చుట్టు తిప్పి సరేననుకుని అన్నీ బిగించేశాను. స్టార్ట్ చేస్తే ఇంజిన్ జలుబు చేసినట్టు వణికింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, క్యామ్ లెక్క కలవడం లేదని కోడ్ వచ్చింది. వెనక క్యామ్ ఒక పన్ను జరిగి ఉంది. ఒక్క పన్నే కాబట్టి వాల్వులు బతికాయి, నా ఆదివారం మాత్రం పోయింది. కాబట్టి పిన్ లాగాక క్రాంక్ బోల్ట్‌ని తాత్కాలికంగా పెట్టి, చేత్తో, సవ్యదిశలో, నిండుగా ఆరు చుట్లు తిప్పండి. ఆరు చుట్ల తర్వాత మళ్ళీ మూడు గుర్తులూ కలవాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా మళ్ళీ విప్పాల్సిందే. తిప్పుతుంటే ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలం పెట్టకుండా ఆగి చూడండి, పిస్టన్ వాల్వుని తాకుతూ ఉండొచ్చు.

క్రాంక్ బోల్ట్ బిగింపు మోడల్‌ని బట్టి మారుతుంది. 2004 వరకు వచ్చిన ఒడిస్సీలకి 181 ఫుట్ పౌండ్లు, తర్వాతివాటికి 47 ఫుట్ పౌండ్లు బిగించి ఆపైన 60 డిగ్రీలు తిప్పాలి. మీ సంవత్సరం సర్వీస్ మాన్యువల్‌లో సరిచూసుకుని, టార్క్ రెంచ్‌తోనే బిగించండి, ఇంపాక్ట్‌తో కాదు. మిగతాదంతా విప్పిన వరసకి తిరగేసి ఎక్కించడమే.

కూలెంట్ నింపేటప్పుడు హీటర్‌ని ఫుల్ వేడిలో పెట్టి, రేడియేటర్ మూత తీసి ఉంచి, ఇంజిన్‌ని ఐడిల్‌లో నడవనివ్వండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా గాలిబుడగలు వస్తూ, మట్టం తగ్గుతూ ఉంటుంది. నింపుతూ ఉండండి. ఈ పని తొందరగా ముగిస్తే లోపల గాలి మిగిలి, కొత్త పంప్ ఉండి కూడా ఇంజిన్ వేడెక్కుతుంది.

ఈలోపే తెగిపోతే

హైవే మీద వెళ్తుండగా ఏ శబ్దమూ లేకుండానే ఇంజిన్ ఆగిపోవచ్చు. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు ఒకటి రెండు నొక్కుళ్ళకే మెత్తగా పనిచేసి తర్వాత గట్టిబడుతుంది. హజార్డ్ లైట్లు వేసి, ఉన్న ఊపులోనే షోల్డర్ మీదికి వచ్చేయండి.

అప్పుడు అందరూ చేసే పని మళ్ళీ మళ్ళీ కీ తిప్పడం. తిప్పవద్దు. తెలియక ఒకసారి తిప్పినా చెవి పెట్టి వినండి. మామూలుగా స్టార్టర్ "ఉర్ర్ ఉర్ర్" అని బరువుగా తిరుగుతుంది. బెల్ట్ లేని ఇంజిన్‌లో కంప్రెషన్ ఉండదు కాబట్టి ఖాళీ మిక్సీలా గిర్రున, తేలిగ్గా తిరుగుతుంది. ఆ శబ్దం వింటే కీ తీసేసి టో ట్రక్ పిలవండి. మీరు తిప్పిన ప్రతిసారీ బతికున్న వాల్వులకి ఇంకో దెబ్బ తగులుతుంది.

షాపుకి చేరాక "ఇంజిన్ మార్చాల్సిందే" అన్న మాటకి వెంటనే సరే అనకండి. నెమ్మది వేగంలో తెగితే నష్టం తక్కువ ఉండొచ్చు. కొత్త బెల్ట్ తాత్కాలికంగా గుర్తులకి వేసి, ఒక్కో సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చూసే లీక్‌డౌన్ పరీక్ష చేయమనండి. గాలి ఏ సిలిండర్లో ఏ వైపు నుంచి పోతోందో దాన్నిబట్టి వంగిన వాల్వుల లెక్క తెలుస్తుంది. ఒక హెడ్ బాగుచేస్తే పోతుందా, జంక్‌యార్డ్ నుంచి వాడిన ఇంజిన్ తేవడం నయమా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు. వాడిన ఇంజిన్ తెస్తే మాత్రం అది బండిలోకి దిగకముందే, స్టాండ్ మీద ఉండగానే, దానికీ కొత్త బెల్ట్ కిట్ వేయించండి. వచ్చిన ఇంజిన్ లోపలి బెల్ట్ వయసు ఎంతో ఎవరికీ తెలియదు, బయట ఉన్నప్పుడు ఆ పని సగం టైములో అయిపోతుంది.

నాలుగు వేల డాలర్ల బండికి వెయ్యి డాలర్ల బెల్ట్ దండగ కదా అని అడుగుతారు. గేర్‌బాక్స్ జారుతూ, అడుగంతా తుప్పుపట్టిన బండి అయితే నిజంగానే దండగ, అమ్మేయండి. కొనేవాళ్ళకి బెల్ట్ మార్చలేదని చెప్పి అమ్మండి. మిగతాదంతా బాగుండి ఇంకో మూడు నాలుగేళ్ళు నడుపుదామనుకుంటే నేనైతే రెండోసారి ఆలోచించను.

పని అయ్యాక

డ్యాష్‌బోర్డ్ మీద 4 రీసెట్ చేయండి. తేదీ, మైళ్ళు, కిట్ పేరు ఒక తెల్ల స్టిక్కర్ మీద రాసి పై కవర్‌కి అంటించి, ఫొటో తీసి బిల్లులతో కలిపి దాచండి. రాత్రికి బండి కింద పెద్ద అట్టముక్క పరిచి ఉంచితే, తెల్లారాక నీలం చుక్క కనిపిస్తే వాటర్ పంప్ దగ్గరా, గోధుమ రంగు చుక్క కనిపిస్తే సీల్ దగ్గరా మళ్ళీ చూసుకోవాలని తెలుస్తుంది. మా బావమరిది బండి కింద అట్ట మర్నాడు పొద్దున పొడిగానే ఉంది. పాత బెల్ట్‌ని మామగారు చేతిలోకి తీసుకుని వెనక్కి మడిచి చూశారు. పళ్ళ మొదళ్ళలో వెంట్రుకంత పగుళ్ళు వరసగా తెరుచుకున్నాయి, మడవకపోతే అసలు కనబడేవి కావు.